ఉప్పుమడుగుకు తొమ్మిది కళ్ళు

ఆవపల్లి,
ఫిబ్రవరి 11, 2024.

తమ్ముడు ఉమామహేశ్‌కు అక్క వరమ్మ దీవెనలు.

ఈడ అందరం బాగున్నం. మీ బావ మోకాలు ఇంకా అలిగే ఉన్నది. ఫోన్ ఉండంగ మళ్ళ ఉత్తరమేంది అని మరదలు సంతోషకుమారి నవ్వుతదని తెలుసు. నవ్వనియ్. మనం చదివింది హిందీ బడి. తెలుగు అక్షరం మర్చిపోతామని నాన్న పెట్టిన రూలు ఇది, నోటితో ఏ భాషైనా మాట్లాడండి, ఉత్తరం మాత్రం తెలుగుల రాయండి అని. అదీగాక ఫోన్ల మాట్లాడితే మనిద్దరికీ హిందీల కొట్లాట అయితది. కాగితం మీద కొంచెం మర్యాదగ ఉంటం.

అసలు సంగతి విను. నిన్న నేను నా జన్మల చూడనిది చూసిన.

మొన్న అంగడినాడు చౌడుగూడెం పూజారి ఇర్మా మన దుకాణానికి వచ్చిండు. జనం పోయిందాక అరుగు మీద కూర్చుని, అప్పుడు "సావుకారమ్మా, ఒక దర్ఖాస్తు రాసి పెట్టు" అన్నడు. వాళ్ళ ఉప్పుమడుగు చుట్టూ ఎవరో వచ్చి ఎర్రరంగు కర్రలు పాతిపోయిండ్రట. సర్కారోళ్ళు చెరువు, వాళ్ళ మాటల తాలాబ్, లోతు చేస్తరట, మిషన్ వస్తదట. "మడుగుల ఇనుము దిగితే అమ్మ పోతది" అన్నడు. సరే, రాస్తలే అన్న. కాని చూడనిదాని మీద ఏం రాసేది? యాభై ఆరేండ్లు వచ్చినయి నాకు. పుట్టిననాటి నుంచి వాళ్ళకు ఉప్పు అమ్ముతున్నం. మూడు గంటల నడకల ఉన్న ఉప్పుమడుగును నేను గాని నువ్వు గాని ఒక్కసారన్న చూసినమా?

అందుకే దుకాణం మీ బావకు అప్పజెప్పి, ఇర్మా వాళ్ళ అక్క లక్మే వెంట పోయిన. ఆమెకు డెబ్బై ఐదు ఉంటయి. నా కంటె ముందు నడుస్తది, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వుతది. రాత్రి వాళ్ళింట్ల పడుకుని తెల్లవారంగ మడుగుకు పోయినం. టేకు చెట్లు ఒక్కసారి ఆగిపోయినయి. ముందర నేలంత తెల్లగ. ఎవరో బియ్యప్పిండి ఆరబోసిండ్రు అనుకున్న. నడుమల నీళ్ళు, అవి లేత గులాబిరంగు. గాలి లేదు, చప్పుడు లేదు.

అప్పుడు దిగినయి తమ్ముడూ, పచ్చపావురాలు. ఆ పిట్ట నేల మీద కాలు పెట్టదని చిన్నప్పుడు మనకు చెప్పేటోళ్ళు గదా. వేలకు వేలు దిగినయి. తెల్లటి నేల మొత్తం పచ్చగ అయిపోయింది. అవి తాగి లేచినంక అవతలి గట్టుకు అడవిదున్నలు వచ్చినయి, తల్లి, పిల్ల, వెనక ఇంకో ఆరు. నేలను నాకుతున్నయి. లక్మే నా చెయ్యి పట్టుకుని "కదలకు" అన్నది. నేను కదిలేటట్టు ఉన్ననా? ఏడుస్తున్న.

కాని మడుగు చిక్కిపోతున్నదిరా. లక్మే తన అత్త ఒకప్పుడు కాళ్ళు నీళ్ళల పెట్టి కూర్చునే రాయి చూపించింది. ఇయ్యాల ఆ రాయికి నీళ్ళకు నడుమ రెండు వందల అడుగులు నడిచిన. ఉన్న ఆ కాస్తను కూడ మిషన్ పెట్టి తవ్వుతరంట. నీకు జగదల్‌పూర్‌ల కాంట్రాక్టు పనుల ఠేకేదార్లందరు తెలుసు గదా. ఆ పని ఎవరికి వచ్చిందో కనుక్కుని, నాలుగు మంచి మాటలు చెప్పి ఆపించు. నా తమ్ముడు ఉన్నడు, చూసుకుంటడు అని వాళ్ళకు మాట ఇచ్చి వచ్చిన.

శిల్ప పరీక్షలకు బాగ చదువుతున్నదా? అత్త అడిగిందని చెప్పు.

అక్క.


జగదల్‌పూర్,
ఫిబ్రవరి 24, 2024.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం సంతోష గట్టిగా చదివింది. "మీ అక్కగోరు కవిత్వం రాసేత్తన్నారండీ" అంటోంది. కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో కోస్తావాళ్ళ మధ్య పెరిగింది కదా, మన తెలుగు దానికి రోజూ వేడుకే. శిల్పకి బయాలజీ తప్ప అన్నీ భయమే. అత్త దగ్గర నుంచి చింతపండు ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

పావురాల సంగతి నిజంగా బాగుంది. కానీ అక్కా, నువ్వు తొందరపడి మాట ఇచ్చావు. ఎండిపోతున్న గుంటను తవ్వితే నీళ్ళు నిలుస్తాయా, పోతాయా? దండకారణ్యంలో ఎన్ని చెరువులు చూశాను నేను! పూడిక తీస్తే ఒక్క వానకు నిండుతాయి. పదకొండు అడుగుల లోతు చేస్తే ఎండాకాలం కూడా పశువులకి నీళ్ళుంటాయి. తియ్యటి నీళ్ళు. ఆ ఉప్పునీళ్ళు ఎవరు తాగుతారు చెప్పు? ఇనుము తగలకూడదు, అమ్మ అలుగుతుంది, ఇవన్నీ వాళ్ళు చెప్తారు, మనం తలూపుతాం, అంతవరకే. సర్కారు పనికి అడ్డం పడితే రేపు దుకాణం లైసెన్సు అడుగుతారు, ఎల్లుండి ఇంకేదో అడుగుతారు. నీకెందుకు చెప్పు ఈ గొడవ?

ఠేకేదార్ ఎవరో కనుక్కుంటాలే. బావ మోకాలికి నూనె పంపుతున్నాను, బీజాపూర్ బస్సు డ్రైవర్ దగ్గర తీసుకో.

నీ తమ్ముడు,
ఉమ.


ఆవపల్లి,
మార్చి 17, 2024.

ఉమా,

నూనె అందింది. మీ బావ అది మోకాలికి రాసుకుంటడో తలకు రాసుకుంటడో తెలియది, సీసా మాత్రం అయిపోతున్నది.

నేను మళ్ళ చౌడుగూడెం పోయి వచ్చిన. ఒకసారి కాదు, మూడుసార్లు. తిట్టకు. మొత్తం విని తిట్టు.

మడుగుకు ఉత్తరాన ఒక గుట్ట ఉన్నది. ఆ గుట్ట అడుగున బండల సందుల నుంచి ఉప్పునీళ్ళు ఊరుతయి. ఆ ఊటలను వాళ్ళు కళ్ళు అంటరు. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క ఇంటిపేరు వాళ్ళది. ఎండలు ముదరంగనే, పండుం అని పండగ చేసి అమ్మకు కోడిని ఇచ్చినంక, నాలుగు ఊర్లోళ్ళు వచ్చి ముందు ఎవరి కన్ను వాళ్ళు కడిగేటోళ్ళట. చేతులతోనే. పేరుకున్న ఉప్పుపెచ్చు, మట్టి, కుళ్ళిన ఆకు, అన్నీ మోచేతి దాక చెయ్యిపెట్టి తీసేటోళ్ళు. కన్ను కడిగినోళ్ళకే ఉప్పు. కడగనోడికి చిటికెడు కూడ లేదు, వాడు పటేల్ అయినా సరే. కడిగినంక గట్టున పేరుకున్న ఉప్పు గీకి, సొరబుర్రల నింపుకుని ఏడాది తినేటోళ్ళు.

మరి ఎందుకు మానిండ్రు అని అడిగిన. లక్మే నన్ను చూసి నవ్వింది. ఇర్మా చెప్పిండు, "మీ దుకాణంల ఉప్పు వచ్చింది గదా సావుకారమ్మా" అని.

రామ్మూర్తి శెట్టి దుకాణం, తమ్ముడూ. మన నాన్న. సేరు ఉప్పుకు సేరు సారపప్పు తీసుకున్న నాన్న. సంచి ఉప్పు ఇంటికే వస్తుంటే మోచేతి దాక బురదల చెయ్యి ఎవరు పెడతరు? ఒక ఇల్లు మానింది, ఇంకో ఇల్లు మానింది. కళ్ళు మూసుకుపోయినయి. ఊట లేక మడుగు చిక్కింది. ఇన్నేండ్లు ఎండలని, వానలు తక్కువని అనుకున్నరు. నేను ఆడనే గట్టు మీద కూర్చుండిపోయిన. ఆ మడుగును ఎండబెట్టింది మన తక్కెడ.

ఇప్పుడు వాళ్ళు మళ్ళ మొదలుపెట్టిండ్రు. ఈ నెల నాలుగు ఊర్లు కూర్చుని మాట్లాడుకున్నయి. పోయిన సోమవారం లక్మే వాళ్ళ కన్ను తెరిచిండ్రు. ఆరుగురు ఆడోళ్ళు వంతులేసుకుని రెండు రోజులు తీసిండ్రు. నేను కూడ తట్ట మోసిన. రెండో రోజు పొద్దుటిపూట బండ లోపల బుడబుడ మన్నది. అందరు చేతులు వెనక్కి తీసుకున్నరు. మొదలు నల్లటి బురద, తర్వాత ఎర్రటి నీళ్ళు, తర్వాత తేటనీళ్ళు. నలభై ఏండ్ల సంది మూసుకున్న కన్ను అది! లక్మే రెండు చేతులు దాని కింద పెట్టి చిన్నపిల్లలెక్క ఏడ్చింది. నేను ఇంత గొప్పదాన్ని దేవుని గుడిల కూడ చూడలే, ఒట్టు.

ఇంకో మాట. మడుగు అడుగున జిగటమట్టి ఉన్నదట, నాలుగు జానలే. దాని కింద అంత ఇసుక. లక్మే పెనిమిటి బతికున్నప్పుడు గట్టు పక్కన బాయి తవ్వబోయి ఆ మట్టిపొర దాటిండట. ఊరిన నీళ్ళు అందరు చూస్తుండంగనే గుటగుట ఇసుకల దిగిపోయినయట. నాలుగు జానలు, ఉమా. పదకొండు అడుగులు తవ్వితే ఏమైతదో నువ్వే చెప్పు.

అన్నట్టు, పదకొండు అడుగులని నీకెవరు చెప్పిండ్రు? నా ఉత్తరంల నేను రాయలే. ఇర్మాకే తెలియది.

అక్క.


జగదల్‌పూర్,
ఏప్రిల్ 2, 2024.

అక్కకు,

ఆ పని నాదే.

మొదటి ఉత్తరం వచ్చిన రోజే రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. టెండర్ జనవరిలో వచ్చింది. కాగితాల మీద ఉప్పుమడుగు అని లేదు, చౌడుగూడెం తాలాబ్ అని ఉంది. నువ్వు రాసేదాకా అది అదేనని నాకూ తెలీదు. తెలిశాక మాత్రం దాచాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

కానీ నాన్న మీద నువ్వు రాసింది మాత్రం నేను ఒప్పుకోను. ఆయన ఉప్పు తెచ్చింది జనం తినడానికి. వానల్లో వాగులు పొంగినప్పుడు ఎద్దుల మీద మోపించి తెచ్చాడు. ఎవరి చేతులూ కట్టేయలేదు. పోయినాయన్ని ఇప్పుడు తీసుకొచ్చి మడుగు గట్టున దోషిగా నిలబెడతావా? ఆ వాక్యం చదివి నాకు అన్నం దిగలేదు.

ఇక పని సంగతి. నేను వదిలేస్తే నన్ను బ్లాక్‌లిస్టులో పెడతారు. కొత్త పొక్లెయిన్ ఈ పనిని చూసుకునే కొన్నాను. నేను కాకపోతే ఇంకొకడు తవ్వుతాడు, వాడికి నీ పావురాలూ తెలీవు, లక్మే తెలీదు. కనీసం నేనైతే జాగ్రత్తగా తవ్విస్తాను. మే ఆరున మిషను ఆవపల్లి చేరుతుంది. అంతకు ముందే నువ్వు వాళ్ళకి నచ్చజెప్పు. నీ మాట వింటారు.

నాలుగు జానల మట్టి అంటున్నావు. డెబ్బై ఐదేళ్ళ ముసలమ్మ జ్ఞాపకం మీద సర్కారు పని ఆగదు అక్కా.

ఉమామహేశ్.


భద్రాచలం,
ఏప్రిల్ 19, 2024.

ఉమామహేశ్‌కు,

నీ ఉత్తరం చౌడుగూడెంల చదివిన. జీపు డ్రైవర్ అక్కడికే తెచ్చి ఇచ్చిండు. ఆ రోజు గ్రామసభ. నాలుగు ఊర్లోళ్ళు గట్టు మీద కూర్చుని ఉన్నరు, అంతకు ముందే ఇర్మా "సావుకారమ్మ తమ్ముడు మనకు సాయం చేస్తడు" అని చెప్పిండు. నా చేతుల నీ కాగితం. ఏం చెయ్యమంటవు? దాచాల్నా? ఇంట్ల ఒకరు దాచింది చాలు. నిలబడి వాళ్ళ దొర్ల భాషలనే చెప్పిన, ఆ మిషన్ నా తమ్మునిదే అని.

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. అక్కడ నుంచి పోదామని గబగబ దిగిన, ఉప్పుపెచ్చు విరిగి కాలు దిగబడి మడమ ఎముక పుటుక్కున విరిగింది. తర్వాత ఏమైందో తెలుసా? నులకమంచం తెచ్చి, నన్ను పడుకోబెట్టి, ఎండల పడి ఆవపల్లి దాక మోసిండ్రు. నేను అప్పుడే ఏం చెప్పిన్నో విన్నోళ్ళే, వంతులేసుకుని. నా మొహం మీద ఎండ పడొద్దని ఇర్మా టేకాకు పట్టుకుని పక్కన నడిచిండు. ఇట్లాంటి మనుషులు ఉంటరని నాకు ఇంత వయసొచ్చినా తెలియదు. ఈడ దవాఖానల కట్టు కట్టించుకుని ఇప్పుడు మాధురి వాళ్ళింట్ల ఉన్న, పిన్ని కూతురు కాబట్టి తిడుతూనే చూసుకుంటున్నది. ఆరు వారాలు పట్టీ. మీ బావ ఒక్కడే దుకాణంల ఉన్నడు.

దారిపొడుగున లక్మే మంచం పక్కనే నడిచింది. నడుస్తూ ఒక మాట చెప్పింది. ఇన్నాళ్ళు నన్ను నొప్పించొద్దని చెప్పలేదట.

ఎనిమిది ఇంటిపేర్లకు ఎనిమిది కళ్ళు. కాని కళ్ళు తొమ్మిది. నాన్న మొదటిసారి ఎద్దు మీద ఉప్పు వేసుకుని వచ్చినప్పుడు ఊరి పెద్దలు అన్నరట, "నువ్వు ఉప్పు మనిషివి, ఉప్పు అమ్మది. ఈడ బతకాలంటే నువ్వు కూడ ఒక కన్ను కడగాలె" అని. ఎవరిదీ కాని తొమ్మిదో కన్ను నాన్నకు ఇచ్చిండ్రు. నాన్న ఆ ఏడు కడిగిండట. "మంచిగనే కడిగిండు, పంచె కట్టుకుని, మోకాళ్ళ మీద" అన్నది లక్మే. మరుసటేడు దుకాణం పెట్టిండు, మళ్ళ పోలే. దాన్ని ఇప్పటికీ దుకాణం కన్ను అనే అంటరట. ఎనిమిది ఇండ్లోళ్ళు ఎవరు దాన్ని ముట్టరు, మనది గాబట్టి.

నేను నాన్నను దోషిని చెయ్యలే, ఉమా. నాకు ఆయన మీద ప్రేమ నీ కంటె తక్కువ లేదు. కాని ఆయన ఒప్పుకున్న పని ఒకటి ఆడ మూసుకుపోయి ఉన్నది. నేను చేద్దామంటే కాలు లేదు.

ఇర్మా చెప్పి పంపిన మాట ఇది. మిషన్‌ను ఆపుమని ఆయన నిన్ను బతిమిలాడడు. మడుగుల చెయ్యి పెట్టాలనుకున్నోడు ఎవడైనా ముందు తన కన్ను కడగాలె. అది అందరికీ ఉన్న కట్టుబాటే. కడిగినంక నీకు తవ్వాలనిపిస్తే, వాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తరట. మిషన్ కంటె ముందు నువ్వు రా.

అక్క.


చౌడుగూడెం,
మే 8, 2024.

అక్కా,

ఇర్మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, వేళ్ళన్నీ పగిలిపోయాయి, ఉప్పు తగిలి మండుతున్నాయి.

నిజం చెప్తాను. నేను వచ్చింది కన్ను కడగడానికి కాదు. ఇలా చెయ్యి పెట్టి అలా తీసి, మాట దక్కించుకుని, సంతకాలు తీసుకుందామని వచ్చాను. నాలుగో తేదీన దిగాను. గట్టు దగ్గర ఇర్మా ఆపి ఇనుము తీసెయ్యమన్నాడు. బండి తాళాలు తీశాను. వాచీ తీశాను. బెల్టు బకిల్ చూపించాడు, అదీ తీశాను. ప్యాంటు జారుతుంటే లక్మే అడ్డాకు తీగ తెచ్చి నడుముకి కట్టింది. ఊరంతా నవ్వారు, నేనూ నవ్వాను. జగదల్‌పూర్‌లో నన్ను ఠేకేదార్ సాబ్ అంటారక్కా.

తొమ్మిదో కన్ను ఉత్తర గట్టు చివర ఉంది. చూస్తే ఏమీ కనిపించదు. బండ, దాని కింద గట్టిపడిన తెల్లటి పెచ్చు. వెదురు చీలికతో గీకి, చేత్తో తియ్యాలి. మొదటి రోజు మోచేతి దాకా వెళ్ళింది. రెండో రోజు భుజం దాకా. మధ్యాహ్నాలు తెల్లటి నేల మీద ఎండకి కళ్ళు తెరవలేం, పొద్దున్నా సాయంత్రం చేశాను. నాతో పాటు ఎవరూ చెయ్యి పెట్టలేదు. పక్కన కూర్చున్నారు, జావ తెచ్చిచ్చారు, కబుర్లు చెప్పారు, చెయ్యి మాత్రం పెట్టలేదు. అది నా ఇంటి పని కదా.

ఐదో తేదీ పొద్దున సూర్యుడు ఇంకా రాలేదు, నేను బండ కింద బోర్లా పడుకుని ఉన్నాను, భుజం దాకా లోపల. ముందు గాలి మారింది. తర్వాత చప్పుడు. తల తిప్పి చూస్తే నా చుట్టూ పావురాలు. చుట్టూ అంటే నిజంగా చుట్టూనే, నా కాళ్ళ మధ్యలో కూడా. నన్ను బండ అనుకున్నాయేమో. పసుపు కాళ్ళు, బూడిదరంగు తల, మెడ కింద ఆకుపచ్చ. నా ముక్కుకి జానెడు దూరంలో ఒకటి ఉప్పునీళ్ళు తాగుతోంది, దాని గొంతు కదలడం కనిపిస్తోంది. ఊపిరి బిగబట్టాను. ఇరవై ఏళ్ళుగా నేలను తవ్వుతున్నాను, నేల మీద ఇలా ఒక్కసారీ పడుకోలేదు. నువ్వు రాసినప్పుడు నేను నవ్వానక్కా. క్షమించు.

అవి లేచి వెళ్ళాక నేను చాలాసేపు లేవలేదు. లేచాక ఇర్మాని ఒక వెదురుబొంగు అడిగాను. మడుగులోకి నడిచి ఎనిమిది చోట్ల దింపి చూశాను. నాలుగు జానలు. ఒకచోట మూడున్నర. ఆ కింద బొంగు కత్తి వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది, కొసకి ఇసుక అంటుకుని వచ్చింది. ఆ బొక్కలన్నీ జిగటమట్టితో అప్పుడే పూడ్చేశాను. లక్మే చెప్పింది అక్షరం పొల్లు పోలేదు. సర్కారు సర్వేలో ఈ మాట లేదు. నేను కూడా ఎప్పుడూ వచ్చి చూడలేదు. ఇంట్లో కూర్చుని ఎస్టిమేట్ వేశాను.

ఆరున మిషను ఆవపల్లికి వచ్చింది, డ్రైవర్ కబురు పెట్టాడు. అక్కడే ఆపమన్నాను. నిన్న సబ్ ఇంజనీర్ సాబ్‌ని తీసుకొచ్చాను. లక్మే భర్త తవ్విన ఆ పాత గొయ్యి గట్టు పక్కన ఇంకా ఉంది. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఇరవై కుండల మడుగు నీళ్ళు అందులో పోశారు. ఆయన గొయ్యి అంచున నిలబడ్డాడు. సిగరెట్ వెలిగించుకున్నాడు. అది సగం అవకముందే గొయ్యిలో తడి ఇసుక మాత్రం మిగిలింది. మంచివాడే, వంగి ఆ ఇసుక పిడికిట్లోకి తీసుకుని చూశాడు. తర్వాత, "నువ్వు తవ్వి ఉంటే ఒక్క రోజులో అయిపోయేది" అన్నాడు. ఈ స్థలం పనికి రాదని రిపోర్టు రాస్తానన్నాడు. పైవాళ్ళు ఏమంటారో తెలీదు. గ్రామసభ తీర్మానం దానికి జత చేశాం, నాలుగు ఊళ్ళ వేలిముద్రలతో. దాని కింద, పని నేను చెయ్యనని నా సంతకం పెట్టాను. సంతోషకి ఇంకా చెప్పలేదు. చెప్పాలి.

ఇక అసలు మాట. కన్ను తెరుచుకోలేదక్కా. ఐదు రోజులు తీశాను. లోపల బండ తగులుతోంది, పొడిగా ఉంది. పక్కన ఎనిమిదింటిలో ఆరు పారుతున్నాయి, ఆ చప్పుడు వింటూ నేను పొడిమట్టి తీస్తున్నాను. ఈ సాయంత్రం అక్కడే కూర్చుని ఏడ్చేశాను. మనది అక్కర్లేదేమో అమ్మకి అన్నాను. లక్మేకి కోపం వచ్చింది. "మీ నాయిన ఒక్క ఏడు కడిగిండు, నువ్వు ఐదు రోజులు కడిగినవు. అరవై ఏండ్లది ఐదు రోజులల్ల రావాల్నా?" అంది.

రేపు బయల్దేరుతున్నాను. నీ కాలు ఎలా ఉంది?

ఉమ.


జగదల్‌పూర్,
జులై 21, 2024.

అక్కా,

మందు వేసుకుంటున్నావా? బావ ఫోన్ చేసి, నువ్వు కర్ర పట్టుకుని దుకాణం అంతా తిరుగుతూ ఆయన్ని సతాయిస్తున్నావని చెప్పాడు. అయితే బాగానే ఉన్నావన్నమాట.

చౌడుగూడెం పని రద్దయింది, కాగితం వచ్చింది. ఇర్మాకి నువ్వే చదివి వినిపించు, నా తరఫున. నన్ను రెండేళ్ళు బ్లాక్‌లిస్టులో పెట్టారు. వాయిదాలు కట్టలేక పొక్లెయిన్ పోయింది, ఫైనాన్సువాళ్ళు తీసుకెళ్ళేటప్పుడు శిల్ప గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. నేను బయటికి రాలేదు. ఇప్పుడు ఒక స్నేహితుడి దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. సంతోష మొదట పదిహేను రోజులు మాట్లాడలేదు. తర్వాత నా వేళ్ళ మీద మచ్చలు చూసి, "ఆ పావురాలు నిజంగా మీ కాళ్ళ మద్దెలో తిరిగాయా?" అని అడిగింది. మూడుసార్లు చెప్పించుకుంది.

బాధ ఉంది, అక్కా. లేదంటే అబద్ధం. కానీ ఆ గొయ్యిలో నీళ్ళు దిగిపోవడం గుర్తొస్తే, మడుగు మొత్తం అలా పోవడం కనిపిస్తుంది, నా చేతుల్తో. అలా జరగలేదు కదా అనుకుంటాను, అప్పుడు నిద్ర పడుతుంది.

ఈ ఏడు ఇక రాలేను. కొత్త పని, సెలవు లేదు. మన కన్ను అలాగే ఉండిపోతుందనే దిగులు.

ఉమ.


ఆవపల్లి,
మార్చి 30, 2025.

బంగారు తమ్ముడికి,

నిన్న పండుం అయింది. నేను పోయి వచ్చిన. ఇద్దరు మనుషులు, ఒక కర్ర, సగం దూరం ఎడ్లబండి. మీ బావ కూడ వచ్చిండు, మోకాలు పట్టుకుని, అడుగడుగున నన్ను తిట్టుకుంటూ. మడుగు కనపడంగనే తిట్టడం మర్చిపోయిండు. నోరు తెరుచుకుని ఆడనే నిలబడ్డడు.

ఎనిమిది కళ్ళూ పారుతున్నయి ఉమా. వానలు కూడ కలిసొచ్చినయి. నీళ్ళు ఉత్తర గట్టును తాకినయి. గులాబిరంగు ఇప్పుడు ఎంత దూరం ఉన్నదంటే, అవతలి గట్టున మనుషులు చిటికెనవేలంత కనపడుతున్నరు. నాలుగు ఊర్లు కాదు, పదకొండు ఊర్లోళ్ళు వచ్చిండ్రు. ఇర్మా కోడిని ఇచ్చిండు. తర్వాత ఎవరి కన్ను దగ్గర వాళ్ళు వంగిండ్రు, అంతమంది ఒక్కసారి మోకాళ్ళ మీద. నీళ్ళ చప్పుడు, చేతుల చప్పుడు. నాకు గుండె నిండిపోయింది. గవర్నమెంటు చెప్పలే, జీతం లేదు, ఫోటో తీసేటోడు లేడు. ఒక మడుగు కోసం ఇంతమంది!

తర్వాత ఉప్పు పంచుకున్నరు. ఇప్పుడు అంగడిల ఉప్పు అడిగేటోళ్ళు తగ్గిండ్రు, మీ బావకు కొంచెం దిగులు. నాకు లేదు.

నీకు ఒకటి చెప్పకుండ దాచిన. నీ లెక్కనే నేను కూడ దాచిన, ఇంక తిట్టుకో. ఆగస్టుల కాలుకు బలం వచ్చినప్పటి నుంచి, అంగడి లేని రోజు చూసుకుని, నెలకు రెండుసార్లు చౌడుగూడెం పోతున్న. నువ్వు తీసినకాడ నుంచి నేను తీస్తున్న. కాలు చాపి, పక్కకు ఒరిగి, ఎడమ చేత్తో. రోజుకు దోసెడు వస్తే గొప్ప. మీ బావకు కూడ పోయిన నెల దాక తెలియది, లక్మేను చూడబోతున్న అనే చెప్పిన. లక్మే పక్కన కూర్చుని ఆకు చుట్ట తాగుతది, ఒక్క పిడికెడు తియ్యదు. అడిగితే "నీది" అంటది.

నిన్న అందరితో పాటు నేను కూడ మన కన్ను దగ్గర కూర్చున్న. పొడిమట్టే. పొద్దున అంత పొడిమట్టే. ఎనిమిది ఇండ్లోళ్ళు కడిగేసి ఉప్పు గీకబోయిండ్రు. కడగనోళ్ళకు లేదు గదా, నేను కడుగుతనే ఉన్న. ఎండ ఎక్కింది, మీ బావ ఇంక లే అన్నడు. ఇంకొక్క పిడికెడు అన్న. బండ కింద, నువ్వు తగిలిందన్న ఆ రాయి పక్కన సందు ఉన్నది. అందుల చిటికెనవేలు పెట్టిన.

చల్లగ తగిలింది తమ్ముడూ.

వేలు బయటికి తీసి చూసిన. తడి. ధార కాదు, చుక్క కూడ కాదు, ఉత్త తడి. నేను నమ్మలే, నా చెమటేమో అనుకున్న. కొంగుతో తుడిచి, మళ్ళ పెట్టి తీసిన. మళ్ళ తడి. లక్మే దిక్కు చూసిన, ఆమె చుట్ట తీసి పక్కన పెట్టింది. వేలు నాలుక మీద పెట్టుకున్న.

ఉప్పు.

అక్క వరమ్మ.